డాబా మీది తీగ, కిందికి దిగే కేబుల్

హామ్ రేడియో మొదలుపెట్టేవాళ్లు సెట్టు కోసం నెలల తరబడి ఆలోచిస్తారు. దాన్ని యాంటెన్నాకు కలిపే కేబుల్‌ను మాత్రం కొట్లో ఏది దొరికితే అదే తెచ్చుకుంటారు.

40 మీటర్ల బ్యాండుకు డైపోల్ (నడుమ కేబుల్ కలిపే, రెండు సమాన చేతుల తీగ యాంటెన్నా) పొడవు సుమారు 20 మీటర్లు. ఆటంకాలు లేని చోట దాని నడుమ ఇంపిడెన్సు 73 ఓములు; ఎత్తును బట్టి మారుతుంది కానీ 50 ఓముల కోయాక్సియల్ కేబుల్‌కు చాలావరకు ఒదుగుతుంది. ఈ బ్యాండులో ఓ 20 మీటర్ల సన్నని ఆర్‌జీ-58 చాలు. 28 మెగాహెర్ట్జ్‌లో నష్టం పెరుగుతుంది కనుక లావుపాటి ఆర్‌జీ-213 మేలు.

పాత దూరదర్శన్ యాంటెన్నాల నుంచి దిగిన చదునైన రెండు తీగల ఫీడర్ చాలామందికి గుర్తే. అది 300 ఓములది. ఒకే డైపోల్‌ను ట్యూనర్‌తో అనేక బ్యాండ్లలో వాడేవారికి ఇలాంటి సమాంతర తీగలే మంచివి: ఎస్‌డబ్ల్యూఆర్ (యాంటెన్నా, కేబుల్ ఎంత ఒదగలేదో చెప్పే నిష్పత్తి) పెరిగినా నష్టం తక్కువ. కిటికీ చువ్వలకు ఆనించకూడదు, అంతే.

ఇక బాలన్, అంటే కేబుల్‌కూ డైపోల్‌కూ నడుమ కట్టే చిన్న పరికరం. డైపోల్ రెండు చేతులూ సమానం; కోయాక్సియల్ కేబుల్ అలా కాదు. బాలన్ లేకపోతే కేబుల్ పైపొర వెలుపల కూడా కరెంటు పారుతుంది. అప్పుడు కేబుల్ కూడా యాంటెన్నాలో భాగమై ఇంట్లోని ఎల్ఈడీ బల్బుల, ఇన్వర్టర్ల రొదను రిసీవర్‌లోకి మోసుకొస్తుంది. దీనికి మందు 1:1 కరెంట్ బాలన్: ఫెరైట్ రింగు మీద చుట్టిన కొన్ని చుట్లు. పేరు గొప్పగా ఉందని 4:1 కొనడం అనవసరం. అది 73 ఓములను 18కి దించేస్తుంది.

బాలన్ కట్టాక ఆ జాయింటుకు వాననీరు దిగని టేపు గట్టిగా చుట్టండి. కేబుల్‌లోకి నీరు చేరితే దాన్ని మార్చడమే దారి.