చవక పిస్తోలు జాతకం

ఖరీదైన పాత తుపాకీని దాచుకున్నవాడు ఎవరికీ సంజాయిషీ చెప్పక్కర్లేదు. పిడి మీది నగిషీ చూపిస్తే చాలు. అరచేతిలో ఇమిడే చవక పిస్తోళ్లను పోగేసే అమెరికన్‌ని మాత్రం తోటి సేకర్తలే ఎగాదిగా చూస్తారు. నాకు తుపాకులంటే మోజు లేదు, భయమే. అయినా ఈ నాసిరకం సరుకు కథే నన్ను ఎక్కువగా పట్టుకుంది.

వీటిలో ఎక్కువగా పేలే పాయింట్ 25 తూటా పుట్టుక గొప్పింటిదే. జాన్ బ్రౌనింగ్ 1905లో బెల్జియం కంపెనీ ఎఫ్ఎన్ కోసం చేసిన చిట్టి పిస్తోలుతో వచ్చింది. 1908లో అమెరికన్ కంపెనీ కోల్ట్ ఆ పిస్తోలునే వెయిస్ట్‌కోటు జేబుకు సరిపోయేలా అమ్మింది. ఉక్కుతో, ఓపిగ్గా చేసిన పని.

1968లో మార్టిన్ లూథర్ కింగ్, రాబర్ట్ కెన్నెడీ హత్యలు జరిగాయి. కెన్నెడీ మీద పేలింది ఐవర్ జాన్సన్ వారి పాయింట్ 22 రివాల్వరు, అచ్చంగా స్వదేశీ. ఆ ఏడాది వచ్చిన చట్టం మాత్రం విదేశాల నుంచి దిగే చవక పిస్తోళ్లను ఆపింది. దేశంలోనే చేసుకుంటే అడ్డు చెప్పలేదు. ఆ సందులోంచే జార్జ్ జెన్నింగ్స్ దూరాడు. విమాన భాగాలు చేసే మెషీన్ షాపు ఆయనది. 1970లో లాస్ ఏంజెలెస్ దాపున రేవెన్ ఆర్మ్స్ పెట్టాడు. దాని పిస్తోలుకు ఆరు తూటాల మ్యాగజైన్, అరకిలోకు లోపు బరువు, కొన్నిటికి క్రోమ్ తళుకు. తర్వాత కొడుకూ అల్లుడూ వేరు కుంపట్లు పెట్టుకుని అదే వంట వండారు.

కిటుకంతా లోహంలో ఉంది. ఉక్కును కోసి, చెక్కి, సాన పట్టాలంటే కూలి తడిసి మోపెడవుతుంది. జింక్ మిశ్రమమైతే నాలుగొందల సెల్సియస్ లోపే కరుగుతుంది, అచ్చులో పోస్తే పిస్తోలు ఒళ్లు తయారు. గొట్టానికి మాత్రం ఉక్కు తప్పదు. ఇల్లినాయ్ రాష్ట్రమైతే 800 డిగ్రీల ఫారెన్‌హీట్ లోపు కరిగే జింక్ పోత పిస్తోళ్ల అమ్మకాన్నే నిషేధించింది. థర్మామీటరుతో నేరాన్ని కొలిచిన చట్టం!

వీటిని ముద్దుచేయలేం. గుండు ఎక్కించి ఉండగా చేయి జారితే పేలే ప్రమాదముంది. నేరాల చిట్టాల్లోనూ వీటికి పెద్ద చోటే ఉంది. గారెన్ వింటమ్యూట్ అనే డాక్టరు 1994లో ఈ కంపెనీల మీద 'రింగ్ ఆఫ్ ఫైర్' పేరుతో నివేదికే రాశాడు. కానీ కోల్ట్ కొనలేని మనిషి కూడా భయపడతాడుగా! అర్ధరాత్రి గల్లాపెట్టె ముందు కూర్చునేవాడి భయం ఎంతకు అమ్ముడుపోయిందో మ్యూజియం కోల్ట్ చెప్పదు, రేవెన్ చెబుతుంది. అందుకే ఆ సేకర్తల పక్షం నేను.

వాళ్లకు దొరకడం కష్టమైనది పిస్తోలు కాదు, దాని అట్టపెట్టె. కొన్నవాడు ఆ పూటే పారేసి ఉంటాడు. 1991లో రేవెన్ కార్ఖానా కాలిపోయింది, పిస్తోలు నమూనా ఫీనిక్స్ ఆర్మ్స్ అనే కంపెనీ చేతికి వెళ్లింది. ఇక లాస్ ఏంజెలెస్ పోలీసులు ఆయుధాలు అప్పగించమని పిలిచి, చేతి తుపాకీకి వంద డాలర్ల వరకు విలువైన బహుమతి కార్డు ఇచ్చారు. కొత్తగా ఉన్నప్పుడు అంత ధర కూడా పలకని రేవెన్లు అలా కొలిమికి చేరాయి.