నాలుగు గంటల దూరం

పోయిన భాగం సదివి మా పెద్దమ్మ గురించి చానామంది అడిగిండ్లు. ఆమెకు నేను చెప్పిన ఒక్క మాట గురించి ఇయ్యాల రాస్తున్న.

శంషాబాద్ నుంచి దుబాయికి గాలిల దాదాపు 2,550 కిలోమీటర్లు. పోనీకె నాలుగు గంటలు. అక్కడి గడియారం మనకంటే గంటన్నర వెనక. అందుకే రాత్రి పదింటికి ఎక్కినోడు వాళ్ల టైం ప్రకారం పన్నెండున్నరకే దిగుతడు. వచ్చేటప్పుడు పడమటి గాలి వెనకకెల్లి తోస్తది, ప్రయాణం అరగంట తగ్గుతది. టికెట్ మీద మాత్రం ఐదు గంటలు కనబడుతది.

ఈ లెక్క నాకు చెప్పింది మా అన్న, పెద్దనాయిన కొడుకు. చుట్టీ మీద మంచిర్యాలకు వచ్చినప్పుడు, "పోతాంటే టైం మిగులుతదిరా, వస్తాంటే ఖర్చయితది" అని నవ్విండు.

పెద్దనాయిన శ్రీరాంపూర్ల బాయి దిగెటోడు. వారసత్వ ఉద్యోగాలు ఆగిపోయిన ఏండ్లల్ల అన్న పెద్దగయిండు. ఏడో తరగతిలనే బడి మానిండు. ఇద్దరిని సదివించే తాకత్ ఇంట్ల లేకుండె, నన్ను సదువుమన్నడు. నా పరీక్ష ఫీజుల ఆయన కూలి పైసలున్నయి. పదో తరగతి పాసుకానోళ్లకు ఈసీఆర్ పాస్‌పోర్టు ఇస్తరు. దాంతోని గల్ఫ్‌కు పనికి పోవాలంటే వలసల ఆఫీసు అనుమతి కావాలె, కూలోళ్లను కాపాడనీకె అని 1983ల చట్టం చేసిండ్లు. నాది ఆ ముద్ర లేని పాస్‌పోర్టు. ఒక్క వాడల, ఒక్క కంచంల తిన్నోళ్లం.

ఒకనాడు తెల్లారగట్ల ఫోనొచ్చింది. సోనాపూర్ లేబర్ క్యాంపుల పండుకున్నోడు పండుకున్నట్టే పోయిండట.

"అక్కడికెల్లి ఎన్ని గంటలు పడుతదిరా?" అని అడిగింది పెద్దమ్మ.

"నాలుగు గంటలే పెద్దమ్మా" అన్న. సదువుకున్నోణ్ని కదా.

ఆమె లేచి వాకిలి ఊడ్చింది. పొద్దుమీకేటాళ్లకు కొడుకు వస్తడని చుట్టాలకు కబురు పెట్టింది. ఆపుదామంటే నాకు నోరు రాలే.

ఇరవై మూడు దినాలు పట్టింది. పోలీసు కాయిదం, డెత్ సర్టిఫికెట్, మన కాన్సులేట్ల పాస్‌పోర్టు రద్దు, అనుమతి పత్రం, పీనుగు చెడిపోకుండ మందులు. అన్నిటికన్న ముందు కంపెనీ సంతకం. ఆ కంపెనీ ఫోన్ ఎత్తుడే మానేసింది. క్యాంపుల మనోళ్లు పని ఇడిసిపెట్టుకొని తిరిగిండ్లు. ఇక్కడ పెద్దమ్మ రోజూ పొద్దుగాల ఒక్కటే అడుగుడు: "ఇయ్యాల ఎక్కిండా?"

ఎయిర్‌పోర్టుకు పోయి అలవాటుగ మనుషులొచ్చే గేటు కాడనే నిలబడ్డ. ఆడ పూలదండలు, బెలూన్లు. సెక్యూరిటాయన నా చేతిల కాయిదాలు చూసి కార్గో దిక్కు చెయ్యి చూపెట్టిండు. అన్న సామాన్లొచ్చే తొవ్వల వచ్చిండు. పెట్టె మీద పేరు, బరువు రాసున్నయి.

ఆడికెల్లి ఇంటికి దాదాపు 270 కిలోమీటర్లు. అంబులెన్సుల ఆరు గంటలైంది, దుబాయి నుంచి వచ్చినదానికన్న ఎక్కువ. సిద్దిపేట, కరీంనగర్, పెద్దపల్లి దాటినం. బసంత్‌నగర్ల సిమెంటు ఫ్యాక్టరీ కాడ పాత రన్‌వే ఒకటున్నది. ఈడనే దిగితే ఎంత దగ్గరుండు అనుకున్న. గోదారి బ్రిడ్జి ఎక్కేసరికి తెల్లారుతున్నది.

ఆ నాలుగు గంటల మాట మీద పెద్దమ్మ నన్ను ఇప్పటిదాక ఏమనలే. మొన్న అన్న కొడుకు పాస్‌పోర్టు ఫారం నింపుతున్న. పక్కన కూసుండి, "పదో తరగతి మెమో పెట్టినవా?" అని రెండుసార్లు అడిగింది. ఏ దేశమని అడిగింది. ఎంత దూరమని మాత్రం అడగలే.