ఏ డబ్బాలో ఏముందో

అలసట అనే మాటకి మన ఇళ్ళల్లో ఒక షరతు ఉంది. ముందు పని కనపడాలి. నాట్లేసి వచ్చినవాళ్ళు అలసిపోవచ్చు, పెళ్ళి వంటలు దించినవాళ్ళు అలసిపోవచ్చు, డబుల్ డ్యూటీ చేసిన కండక్టరు అలసిపోవచ్చు. వారానికి పన్నెండు గంటల క్లాసులు, రాత్రికి తొమ్మిది గంటల నిద్ర ఉన్న ఇరవై రెండేళ్ళ కుర్రాడు పొద్దున లేస్తూనే ఒళ్ళు బరువుగా ఉందంటే మాత్రం ఎవరూ నమ్మరు. లైప్‌జిగ్‌లో ఉన్న ఆర్నెల్లూ ఆ కుర్రాణ్ణి నేనే.

హైదరాబాదులో ఎమ్మే చదువుతుండగా ఒక సెమిస్టరు జర్మనీలో చదివే అవకాశం వచ్చింది. అక్కడ శీతాకాలం సెమిస్టరు అక్టోబరు 1న మొదలై మార్చి 31తో ముగుస్తుంది. అంటే ఏడాదిలో చీకటి భాగమంతా అందులోనే ఉంటుంది. డిసెంబరు మధ్యకి ఎనిమిది దాటితేగాని తెల్లవారదు, నాలుగింటికల్లా లైట్లు వేసుకోవాలి. అందుకని మొదట అందరూ ఆ చీకటినే అనుమానించారు. రక్తపరీక్ష చేస్తే డి విటమిన్ తక్కువగా ఉందని తేలింది. అంత ఉత్తరాన చలికాలపు ఎండ బాగా ఏటవాలుగా పడుతుంది, చర్మంలో ఆ విటమిన్ తయారవడానికి చాలదు. మాత్రలు వేసుకున్నాను. రెండోసారి పరీక్షలో అంకె సరిపోయింది. అలసట మాత్రం ఎక్కడికీ పోలేదు.

తర్వాతి అనుమానం ఇంటిమీద బెంగ. ఈ బెంగకి వైద్యులు పెట్టిన పేరు కూడా ఆ చుట్టుపక్కలదే. 1688లో యొహానెస్ హోఫర్ అనే వైద్య విద్యార్థి స్విట్జర్లాండ్‌లోని బాజెల్‌లో సమర్పించిన సిద్ధాంత వ్యాసం కోసం, రెండు గ్రీకు మాటలు కలిపి 'నాస్టాల్జియా' అనే మాట తయారుచేశాడు. అందులో ఆయన వర్ణించిన రోగుల్లో ఒకడు బెర్న్ నుంచి బాజెల్‌కి చదువుకోడానికొచ్చిన కుర్రాడు. ఇక బతకడనుకున్నవాణ్ణి ఇంటికి పంపిద్దామని బయల్దేరదీస్తే, దారిలోనే కోలుకున్నాడట. ఆ రెండు ఊళ్ళ మధ్య ఇవాళ రైల్లో గంట ప్రయాణం.

చదివి నవ్వుకున్నాను కానీ, నాది ఆ జబ్బు కాదు. నాకు ఊరు నచ్చింది. బాఖ్ ఇరవై ఏడేళ్ళు పనిచేసిన టోమస్ చర్చి పక్కనుంచి నడుచుకుంటూ వెళ్ళడం నచ్చింది. లైబ్రరీ నచ్చింది. ఇంటికి పోదామని ఒక్కసారీ అనిపించలేదు. కూర్చోవాలని మాత్రం ఎప్పుడూ అనిపించేది.

ఒకరోజు ఏమేం చేస్తున్నానో కాగితం మీద రాసి చూశాను. రోడ్డు దాటాలి. ఇరవై రెండేళ్ళు కుడివైపు ముందు చూసిన మెడని ఇప్పుడు ఎడమవైపు ముందు తిప్పాలి. పాలు కొనాలి. 3.5 శాతం, 1.5 శాతం, తాజావి, నెలల తరబడి నిలవుండేవి, పాలలా కనిపించే మజ్జిగ. ఉప్పులో అయోడిన్ ఉన్నది, అయోడిన్‌తో పాటు ఫ్లోరైడ్ కలిపినది. బిల్లు కౌంటర్లో అమ్మాయి చెప్పే అంకె విని చిల్లర తియ్యాలి. డెబ్భై నాలుగుని అక్కడ 'నాలుగూ డెబ్భై' అంటారు. నేను లోపల తిరగేసుకుని నాణేలు ఏరేలోపు వెనకవాళ్ళ సరుకులు బెల్టుమీద వచ్చేస్తుంటాయి. రెండున్నరకి రమ్మంటే 'అర మూడు'కి రమ్మంటారు, అంటే మూడు కావడానికి ఇంకో అరగంట ఉందని. ఇంటికొచ్చాక చెత్త విడదియ్యాలి. కాగితం ఒకచోట, ప్యాకింగు ఒకచోట, కూరగాయల తొక్కలు ఒకచోట. గాజు సీసాలైతే వీధి చివర రంగు ప్రకారం వేరు వేరు డబ్బాల్లో వెయ్యాలి, అదీ ఆదివారం వెయ్యకూడదు, చప్పుడవుతుంది కాబట్టి.

భాష సంగతి సరేసరి. 'హోరెన్' అంటే వినడం. దాని ముందు 'అవుఫ్' చేరితే ఆపెయ్యడం. వాక్యంలో వాడినప్పుడు ఆ 'అవుఫ్' ఊడి చాలాసార్లు చివరికి పోతుంది. ఎవరో ఏదో వింటున్నారనుకుని తలూపుతుంటాను, ఆఖర్న ఆ చిన్న ముక్క వచ్చి, వినడం కాదు, మానేశారని చెప్తుంది. ప్రతి వాక్యాన్నీ చివరిదాకా చేతుల్లో మోస్తూ నిలబడాలి.

ఇందులో ఏదీ కష్టం కాదు. ఒక్కోటి నిమిషం పని. మనస్తత్వశాస్త్రవేత్త విలియం జేమ్స్ 1890లో అచ్చయిన తన పెద్ద పుస్తకంలో అలవాటు గురించి ఒక అధ్యాయం రాశాడు. ప్రతి చుట్ట వెలిగించడానికీ, ప్రతి గుక్క తాగడానికీ, నిద్ర లేవడానికీ పడుకోడానికీ కూడా ఆలోచించి నిర్ణయించుకోవాల్సిన మనిషికన్నా దౌర్భాగ్యుడు లేడంటాడు అందులో. ఆయన చెప్తున్నది ఏ అలవాటూ స్థిరపడని మనిషి గురించి. నాకు బోలెడు అలవాట్లున్నాయి. కాకపోతే అవన్నీ హైదరాబాదులో పనికొచ్చేవి.

వేళలో నాలుగున్నర గంటల తేడా. నాకు సాయంత్రం ఐదైతే హనుమకొండలో రాత్రి తొమ్మిదిన్నర. అమ్మ వంటిల్లు సర్దుకుని ఫోన్ తీసేది.

"పొద్దుట్నుంచీ ఏం చేశావ్ నాన్నా?"

"ఒక క్లాసు. బట్టలుతికా. దుకాణానికెళ్ళా."

"మరి ఆ గొంతేంటి అలా ఉంది?"

"అలసిపోయా."

"దేనికీ?"

ఈ "దేనికీ?" దగ్గర రోజూ ఆగిపోయేవాళ్ళం. జనవరిలో ఒకనాడు, ఉప్పు కోసం వెళ్ళి పది నిమిషాలు అలమర ముందు నిలబడి, ఉప్పు కొనకుండానే తిరిగొచ్చానని చెప్పాను. అమ్మ నవ్వుతుందనుకున్నా. నవ్వలేదు. కాసేపాగి, "నేను హనుమకొండ వచ్చిన కొత్తలో అలాగే ఉండేది," అంది.

అమ్మది తణుకు దగ్గర పల్లెటూరు. నాన్న అక్కడ బ్యాంకులో పనిచేసినప్పుడు కుదిరిన సంబంధం. 1994లో పెళ్ళయి హనుమకొండ వచ్చింది. అప్పుడు రెండూ ఒకే రాష్ట్రం, మాట్లాడేదీ ఒకే భాష. పాస్‌పోర్టులూ వీసాలూ లేవు, కాబట్టి అది పరాయి చోటని ఎవరూ అనుకోలేదు.

"మీ నాయనమ్మ చాలా మంచిది, ఒక్క మాట అనేది కాదు. కానీ ఆవిడ పుంటికూర తెమ్మంటే నేను కూరగాయల బుట్టంతా వెతికేదాన్ని. తీరా చూస్తే గోంగూర. ఉల్లిగడ్డ, ఎల్లిగడ్డ, ఆలుగడ్డ, అన్నీ గడ్డలే. మీ తాత పొద్దున్నే 'నేను పోతున్న' అని చెప్పులేసుకుంటే నాకు గుండె ఝల్లుమనేది, మావైపు అలా అనరు కదా. నేను మాటకోసారి అండీ అంటే పిల్లలు నవ్వేవాళ్ళు. ఏ డబ్బాలో ఏముందో తెలీదు. తీసి చూస్తే, ఇంకా తెలీదా అనుకుంటారేమోనని భయం. మధ్యాహ్నం అయ్యేసరికి నడుం వాలిస్తే చాలు, ఒళ్ళు తెలిసేది కాదు."

"ఎవరికైనా చెప్పావా?"

"ఏమని చెప్తాను? పనేమీ లేదుగా, అన్నీ ఆవిడే చేసేది. ముందు నెల తప్పిందేమో అనుకున్నారు. కాదని తెలిశాక డాక్టరు దగ్గరికి తీసికెళ్ళారు. బలానికి టానిక్కు రాశాడు."

నా టేబుల్ మీద డి విటమిన్ మాత్రల సీసా ఉంది.

తేడాలు కూడా చెప్పాలి. నాకోసం మొదటి వారమంతా స్వాగత కార్యక్రమాలు పెట్టారు. ఊరు చూపించడానికి ఒక సీనియర్‌ని జతచేశారు. పరాయి దేశంలో మనసు ఎలా కిందికి జారి మళ్ళీ పైకి లేస్తుందో తెరమీద గీత గీసి చూపించారు. ఆ గీత కథ 1955 నాటిది. స్వెర్రె లిస్‌గార్ అనే నార్వే సామాజిక శాస్త్రవేత్త, ఫుల్‌బ్రైట్ వేతనం మీద అమెరికా వెళ్ళొచ్చిన తన దేశస్థుల్ని అడిగి, మొదట్లో ఉత్సాహం, మధ్యలో కుంగుబాటు, చివర్లో కుదుటపడటం కనిపిస్తున్నాయని రాశాడు. నావంటి వాళ్ళ అలసటని ఇంత శ్రద్ధగా కొలిచి పెట్టారు. మా హనుమకొండ ఇంట్లో అమ్మకి ఎవరూ ఏ గీతా గియ్యలేదు. అన్నిటికన్నా పెద్ద తేడా, నా తిరుగు టికెట్టు మీద తేదీ ఉంది. ఎంత అలసినా రోజులు లెక్కపెట్టుకోవచ్చు.

ఆ తర్వాత అలసట మాయమవలేదు కానీ, దానికి సంజాయిషీ ఇవ్వడం మానేశాను. ఆలోచించాల్సినవి తగ్గించుకున్నాను. ఒకే దుకాణం, ఒకే రంగు పాల డబ్బా, లైబ్రరీలో ఒకే కుర్చీ. శనివారం ఒక వియత్నాం దుకాణానికి వెళ్ళేవాణ్ణి. 1980ల్లో అప్పటి తూర్పు జర్మనీ ఫ్యాక్టరీలు వియత్నాం నుంచి వేలమందిని ఒప్పందం మీద పనికి తెచ్చుకున్నాయి. గోడ కూలాక ఆ ఉద్యోగాలు పోతే, ఉండిపోయినవాళ్ళలో చాలామంది చిన్న చిన్న వ్యాపారాలు పెట్టుకున్నారు. ఆ దుకాణంలో బియ్యం, పచ్చిమిర్చి, అల్లం దొరికేవి. కౌంటర్ దగ్గర కూర్చునే పెద్దావిడ జర్మన్ నా జర్మన్ కన్నా ఎంతో నయం, అయినా ఆవిడ అంకెల్ని కాలిక్యులేటర్ మీద నొక్కి నావైపు తిప్పేది. తిరగేసుకోనక్కర్లేదు. ఆవిడ ఎన్నాళ్ళు తిరగేసుకుందో నేనెప్పుడూ అడగలేదు.

అమ్మని మాత్రం అడిగాను, అది ఎప్పుడు తగ్గిందని. "ఏమో, తెలీలేదు. రెండేళ్ళకి అనుకుంటా, మా ఊరు వెళ్ళినప్పుడు సంచీలోంచి ఉల్లిగడ్డలు తియ్యనా అన్నాను. మీ అమ్మమ్మ నావంక అదోలా చూసింది. ఆ రోజే, వాళ్ళ వంటింట్లో ఉప్పు డబ్బా ఎక్కడుందో నేను అడగాల్సొచ్చింది," అంది. మళ్ళీ తనే, "నువ్వు తొందరగా వచ్చేస్తావులే," అంది.

నేను వచ్చేశాను. వచ్చిన వారానికి మెడ దానంతటదే కుడివైపు తిరగడం మొదలుపెట్టింది.

పోయిన ఏడాది మా అన్నయ్యకి పెళ్ళయింది. వదినది అనంతపురం. వచ్చిన నెలలో ఒక మధ్యాహ్నం చుట్టాలొచ్చి, కోడలు పిల్ల ఇంకా లేవలేదా, ఒంట్లో బాలేదా అని అడిగారు. "బానే ఉంది. పడుకోనీండి," అంది అమ్మ. టీ పెట్టడానికి వంటింట్లోకి వెళ్ళి చూస్తే, అలమర్లో డబ్బాలన్నిటికీ కాగితం ముక్కలు అంటించి ఉన్నాయి, అమ్మ చేతిరాతతో. కొన్నిటి మీద రెండేసి పేర్లున్నాయి. పల్లీల డబ్బా మీద మూడున్నాయి. పల్లీలు, వేరుశనగ గుళ్ళు, ఆ కింద వేరే సిరాతో, వదినని అడిగి రాసినట్టుంది, శెనక్కాయ విత్తనాలు.