చమురు గొట్టం కింద నేల

అలాస్కాలో ఫెయిర్‌బాంక్స్ పట్టణం దాటి ఉత్తరంగా ఫాక్స్ అనే ఊరివైపు పోతూవుంటే, రోడ్డు పక్కనే స్తంభాలమీద ఒక పెద్ద ఉక్కుగొట్టం కనబడుతుంది. అడ్డకొలత నాలుగడుగులు! అక్కడి విశ్వవిద్యాలయంలో పరిశోధన చేస్తున్న మా మేనల్లుడు కారు ఆపి, "దీని కిందికి వచ్చి నిలబడండి, మామయ్యా" అన్నాడు. నిలబడ్డాను. జూన్ నెల. అక్కడి దోమలు మన లంకల దోమలకు తాతలు!

ఉత్తర సముద్రతీరాన ప్రూడో బేలో తోడిన చమురు దక్షిణాన వాల్డెజ్ రేవుదాకా 800 మైళ్లు ఇందులోనే పోతుంది. 1977లో మొదలైన ప్రయాణం. సగానికి పైగా దూరం గొట్టాన్ని పూడ్చకుండా ఇట్లా ఎత్తిపెట్టారు. చమురు వేడి, కింద నేల ఏళ్ల తరబడి గడ్డకట్టుకొని వున్నది. దాన్నే పెర్మాఫ్రాస్టు అంటారు. అందులోని మంచు కరిగితే నేల కుంగుతుంది, నేల కుంగితే గొట్టం వంగుతుంది. తరవాతి సంగతి చెప్పనక్కరలేదు గదా!

స్తంభాల తలలమీద రేకుల కిరీటాలున్నాయి. అవి అలంకారానికి కావు. లోపల మూసిన గొట్టాల్లో అమ్మోనియా ఉంది. చలికాలంలో అది అడుగున నేలలోని వేడి తాగి, ఆవిరై పైకి లేచి, చలిగాలికి ఆ వేడి వదిలి, మళ్లీ ద్రవమై కిందికి జారుతుంది. మోటారు లేదు, కరెంటు లేదు. ఏతం వేసినట్టు వేడిని తోడి పారబోస్తుంది. వేసవిలో మాత్రం ఈ ఏతానికి సెలవు.

ఇదంతా 1970ల నాటి చలినిబట్టి వేసిన లెక్క. ఆ చలి ఇప్పుడు లేదు. ఫెయిర్‌బాంక్స్‌కు వాయవ్యాన ఒక కొండవాలున నేల జారి కొన్ని స్తంభాలు ఒరిగితే, 2021లో ఇటువంటి గొట్టాలు వందదాకా అదనంగా పాతవలసి వచ్చింది.

మావాడి పని ఈ లెక్కను కంప్యూటరుతో తిరిగి వేయించడం. నేలను అరలుగా విడగొడతాడు. ఒక్కొక్క అరలో మన్నెంత, మంచెంత, పైన గాలి ఎంత చల్లన, పక్కనున్న గొట్టమో గిడ్డంగో ఇచ్చే వేడి ఎంత — ఇవి ఇస్తే యంత్రం రోజు తరవాత రోజు కూడుకుంటూ ముప్పైయేళ్లు ముందుకు పోతుంది. నేలలో లోతుగా దించిన థర్మామీటర్ల అంకెలతో దాన్ని సరిచూస్తారు.

పైన పడ్డ మంచు నేలకు దుప్పటి అట! ఫ్యాక్టరీ దారులు తుడిచి గోడవార పోగేసిన మంచు కింద నేల చలికాలమంతా వెచ్చగా వుండిపోతుంది. మరో సంగతి ఇంకా వింత. ఒక గ్రాము మంచు కరగడానికి 80 కాలరీల వేడి కావాలి. అది కరిగేదాకా ఉష్ణోగ్రత పెరగదు. అందుచేత థర్మామీటరు సున్నా దగ్గర ఏళ్లపాటు కదలకుండా కూర్చుంటుంది. లోపల మంచు మాత్రం తరిగిపోతూనే వుంటుంది. చేతికి తగలని జ్వరం వంటిది. ఆ గడువు తెలియాలంటే ఈ లెక్కే శరణ్యం.

2020 మేలో సైబీరియాలోని నోరిల్స్క్ దగ్గర ఒక ట్యాంకు చీలి 20 వేల టన్నులకు పైగా డీజిలు ఒలికింది, అందులో చాలాభాగం ఏళ్లలోకి పారింది. నేల కరిగిందని యాజమాన్యం అన్నది. విచారణలో నిర్మాణ లోపాలు కూడా బయటపడ్డాయి. నెపం నేలమీదికి తొయ్యడం సులువు, అది మారు పలకదు గనక! గడ్డకట్టిన నేలమీద ఇటువంటి పారిశ్రామిక స్థలాలు సుమారు 4,500 ఉన్నాయని 2023లో వెలువడిన ఒక అంచనా.

మావాడు అద్దెకున్న ఇల్లు జాకీలమీద నిలిచివుంది. నేల కుంగినప్పుడల్లా జాకీలు తిప్పి ఇంటిని మట్టం చేసుకుంటారు. "దీనికి ఎన్నేళ్లు వుందో నీ యంత్రాన్ని అడగరాదూ?" అన్నాను.

"అడుగుతాను. ఏ చలి వెయ్యమంటారు మామయ్యా, పోయినదా, రాబోయేదా?" అన్నాడు వాడు, జాకీ తిప్పుతూ.