బియ్యం డబ్బా వెనక

2024 జూన్ 4
క్యాన్సర్ తుంటి ఎముకలో ఉందట. వెన్నులో రెండుచోట్ల. "నయం చెయ్యలేం, నొప్పి తగ్గించగలం." మొదటి ముక్క దగ్గరే ఆగిపోయాను. బస్సులో అమ్మ అడిగింది, "ఏమందే డాక్టరమ్మ?" మందులు మార్చిందన్నాను.

జూన్ 7
మార్ఫిన్, 10 మిల్లీగ్రాములు. నాలుగు గంటలకోసారి. రాత్రి మధ్యలో లేపక్కర్లేకుండా పడుకునే ముందు రెండు. 2014లో చట్టం మార్చాకే ఆసుపత్రులకి ఇది ఇవ్వడం కాస్త సులువైందట. తెచ్చి బియ్యం డబ్బా వెనక పెట్టాను. "అది ఇచ్చారంటే ఆఖరికొచ్చినట్టేగా" అన్నాడు అన్నయ్య ఫోన్లో. రాత్రంతా అమ్మ మూలుగు. డబ్బా దాకా వెళ్ళి వెనక్కొచ్చాను. రెండుసార్లు.

జూన్ 8
వేశాను.

జూన్ 10
ఇంటికొచ్చిన నర్సు కట్టు విప్పింది. ఏడాదిపాటు పైటకింద దాచుకుంది అమ్మ, ఆ పుండుని. ఎందుకు చెప్పలేదమ్మా అని ఇప్పుడెలా అడగను? మెట్రోనిడజోల్ బిళ్ళలు మెత్తగా నూరి పైన చల్లమంది నర్సు. వాసన తగ్గుతుందట. పూటకో ఊదొత్తి ఎందుకు వెలిగిస్తున్నానో అమ్మకి తెలుసు. నాకు తెలుసు తనకి తెలుసని.

జూన్ 13
తుంటికి రేడియేషన్. 8 గ్రే, ఒక్కసారే. నెలంతా తిరగాలేమోనని ఆటో అబ్బాయితో మాట్లాడి పెట్టుకున్నాను.

జూన్ 14
నొప్పి ఎక్కువైంది. ఒకటి రెండు రోజులు అలా ఉండొచ్చని చెప్పే పంపారు. అయినా... ఎందుకు తీసుకెళ్ళాను?

జూన్ 18
ఐదు రోజులైంది విరేచనమై. మార్ఫిన్‌తోపాటు రోజూ వెయ్యాలని రాసిచ్చిన మందు నేనే ఆపాను, ఇన్ని మందులెందుకని. అమ్మ ఏమీ అనలేదు. అన్నా బాగుండేది.

జూన్ 25
మా బాబు వెళ్ళి అమ్మమ్మ పక్కన పడుకున్నాడు. పిలవకుండానే. ఊదొత్తుల కట్ట దేవుడి గూట్లో అలాగే ఉంది.

జూలై 1
పదింటి నుంచి నాలుగింటి దాకా కదల్లేదు అమ్మ. మూడుసార్లు లేచి ముక్కు దగ్గర వేలు పెట్టి చూశాను. నిద్రే. ఒట్టి నిద్ర.

జూలై 2
కాఫీ తాగుతూ, "ఎముకల్లోకి పాకిందటగా" అంది. ఎవరు చెప్పారు? "నీ మొహం." ఇంకేమీ మాట్లాడుకోలేదు. గ్లాసు కడిగి వచ్చేసరికి నా తలకి నూనె పెడతానని దువ్వెన పట్టుకుని కూర్చుంది.

జూలై 9
అరుగు మీద కూర్చుని గోరుచిక్కుళ్ళకి ఈనెలు తీసింది. గంటపైనే. ఎన్ని నెలలని డాక్టరమ్మని అడగాలనుకున్నాను మొన్న. అడక్కుండా వచ్చేశాను. భయమా?
మాత్రలు ఇప్పుడు కిటికీలో, అమ్మ కళ్ళజోడు పక్కన. ఆరింటిది నేను మరిచిపోతే తనే అడిగింది.