గోస్తనీ నీళ్లు, గోడ మీద మాటలు

వదినగారూ, మొక్కలకి నీళ్లు పోయడం అయిందా? ఒక్కసారి గోడ దగ్గరికి రండి. ఈ గిన్నె అందుకోండి, మునక్కాయ పులుసు. మీ చిన్నాడికి ఇష్టం కదా.

నిన్న మీ అక్కగారి ఊరి సంగతి చెప్పారు చూడండి, రాత్రి పడుకున్నా అదే ఆలోచన. వాళ్ల పంచాయతీని పక్క పట్నంలో కలిపేస్తారని అనుకుంటున్నారట కదా! "రేపు కాలవ పూడితే ఎవరింటికెళ్లి చెప్పుకోవాలే?" అందిట ఆవిడ. ఎంత మంచి ప్రశ్న అడిగింది! ఇప్పుడైతే సర్పంచి గుమ్మంలో నిలబడి కేకేస్తే చాలు.

మన భీమిలి దాటొచ్చిన దారే కదండీ ఇది. 1861 నాటి మున్సిపాలిటీ మనది. విశాఖ కార్పొరేషన్ అయిందే 1979లో. 2005లో గాజువాకనీ, 32 ఊళ్లనీ కలుపుకొని అది గ్రేటర్ విశాఖ, అదే జీవీఎంసీ, అయింది. 2013లో మననీ, అనకాపల్లినీ కలిపారు. నూట యాభై ఏళ్లు దాటిన మున్సిపాలిటీ ఒక జోన్ అయి కూర్చుంది. మా మామగారు ఉండుంటే ఆ రోజు అన్నం ముట్టేవారు కాదు.

అలాగని కలపడమే తప్పని నేననను. తాటిపూడి దగ్గర గోస్తనికి ఆనకట్ట కట్టి ఆ నీళ్లు విశాఖకి తాగడానికిస్తున్నారు. అదే గోస్తని ఇక్కడ మన ఊళ్లో సముద్రంలో కలుస్తోంది. ఒకే ఏటి మీద బతికేవాళ్లం, లెక్కలు విడివిడిగా ఎలా రాసుకుంటాం? మంచినీళ్లూ, చెత్తా, పెద్ద డ్రైనేజీలూ చిన్న ఊరు ఒంటిచేత్తో మొయ్యగలిగే బరువులు కావు.

నా బాధల్లా వేరే. జీవీఎంసీకి 2007లో ఎన్నికలయ్యాయా, ఆ పాలకవర్గం గడువు 2012లో తీరిపోయింది. మళ్లీ ఓటేసింది 2021 మార్చిలో! అంటే మనం కలిశాక దాదాపు ఎనిమిదేళ్లు, కౌన్సిల్లో లేచి "మా భీమిలి" అనడానికి మనం గెలిపించి పంపిన మనిషి ఒక్కరూ లేరు. ఇప్పుడున్నవి 98 వార్డులు. అందులో మన మాట ఎంత సన్నగా వినపడుతుందో మీరే చెప్పండి.

వార్డు సచివాలయం ఉంది కదా అంటారు మావారు. 2019లో అవి వచ్చాక సర్టిఫికెట్ల కోసం తిరగడం తగ్గింది, నిజమే. కానీ అక్కడ కూర్చునేది ఉద్యోగులు. వాళ్లని మనం ఓటేసి మార్చలేం. మూడు లక్షల జనాభా దాటిన చోట వార్డు కమిటీలుండాలని 74వ రాజ్యాంగ సవరణ ఏనాడో చెప్పింది. పట్నం ఎంత పెరిగితే ఆ కమిటీ అంత అవసరం. లేకపోతే మన వీధి గోడు మన వీధిలోనే ఉండిపోతుంది.

అందుకని ఇవాళే మీ అక్కగారికి ఫోన్ చెయ్యండి. గ్రామసభ పెట్టిన రోజు ఇంట్లో కూర్చోవద్దనండి, ఆడవాళ్లందర్నీ వెంటేసుకుని వెళ్లమనండి. కలిశాక ఎన్నికలు ఎన్ని నెలల్లో పెడతారు, వార్డు కమిటీ ఎప్పుడు వేస్తారు, ఈ రెండూ తీర్మానం పుస్తకంలో రాయించమనండి. రాశాకే సంతకం పెట్టమనండి.