దువా, ధువాఁ

తెలుగులో రాస్తే ఈ రెండు మాటలూ కవలపిల్లల్లా ఉంటాయి. ఉర్దూ బడిలో మా ఉస్తాద్ బెత్తం పట్టుకుని తేడా నేర్పారు. ఒకటి అల్లాను వేడుకునేది, రెండోది పొగ. ఆ తేడా ఒంటికి తెలిసింది మాత్రం 2014లో, విశాఖలో.

అక్టోబరు 6న బక్రీద్, 12న హుద్‌హుద్. తుఫానుకు ఆ పేరు ఒమన్ దేశం పెట్టింది. సులేమాన్ అలైహిస్సలామ్‌కు ఖబర్ తెచ్చిన పిట్ట పేరు తుఫానుకు పెడతారా అని అమ్మీకి కోపం. స్తంభాలు కూలాయి, కరెంటు పోయింది. ఫ్రిజ్ నిండా ఖుర్బానీ గోష్త్, తలుపు అరలో అమ్మీ ఇన్సులిన్. గోష్త్ పోతే పోయింది, ఇన్సులిన్ పాడైతే ఎలా అన్నదే మా ఫికర్.

మూడో రోజు మా తమ్ముడు షామియానా దుకాణం నుంచి ఆటోలో చిన్న జనరేటర్ తెచ్చాడు. 2 కేవీఏది. "మోటారూ ఫ్రిజ్జూ ఒకేసారి వెయ్యకండి భాయ్" అని దుకాణం కుర్రాడు చెప్పి పంపాడట. నిజమే. అర హార్స్‌పవర్ మోటారు 373 వాట్లే అయినా, తిరగడం మొదలుపెట్టే క్షణంలో మూడు నాలుగు రెట్లు లాగుతుంది. ఫ్రిజ్ కంప్రెసర్‌కూ అదే ఆదత్. అందుకే ముందు ట్యాంకు నింపి, మోటారు ఆపి, అప్పుడు ఫ్రిజ్, రెండు ఫ్యాన్లు వేశాం. ఇస్త్రీపెట్టె, గీజరు హరామ్.

ఇంతవరకూ అఖ్ల్ పనిచేసింది. తర్వాతదంతా జహాలత్. ఎవరైనా ఎత్తుకుపోతారని, వానకు తడుస్తుందని జనరేటర్‌ను గ్రిల్ లోపల, మెట్ల కింద గొలుసేసి కట్టాం. కిటికీలు తీసే ఉన్నాయి కదా అనుకున్నాం.

ఫజర్‌కు వజూ చేద్దామని లేచిన అమ్మీ తూలి గోడ పట్టుకుంది. తల పగిలిపోతోందని నన్ను లేపింది. నాకూ అంతే. బేగం వాంతి చేసుకుంది. ఐదేళ్ల మావాడు ఎంత తట్టినా కళ్లు తెరవలేదు. వాణ్ని భుజాన వేసుకుని వీధిలోకి పరిగెత్తాను. ఆ రోజు ఫజర్ నమాజు ఎవరం చదవలేదు, దువా మాత్రం ఆగలేదు.

ఆస్పత్రిలో ఆక్సిజన్ పెట్టారు. మధ్యాహ్నానికి "అబ్బూ, భూక్" అన్నాడు. డాక్టరు చెప్పింది కార్బన్ మోనాక్సైడ్ అని. రంగుండదు, వాసనుండదు, రక్తంలో ఆక్సిజన్ చోటును కబ్జా చేస్తుంది. కిటికీ తెరిచినంత మాత్రాన పోదు. జనరేటర్ ఇంటికి కనీసం 20 అడుగుల దూరంలో, సైలెన్సర్ మూతి అటువైపు తిప్పి ఉండాలి. ఇంకో మాట కూడా అన్నారు: వాడుతున్న ఇన్సులిన్ సీసా మరీ వేడి తగలకపోతే ఫ్రిజ్ లేకుండానే దాదాపు నెల ఉంటుందట. తడి ఇసుకలో చిన్న మట్టికుండ చాలు. మేం దేనికోసం చావబోయామో విని అమ్మీ నవ్విందో ఏడ్చిందో చెప్పలేను.

ఆ సాయంత్రమే వేరే జిల్లా నుంచి వచ్చిన లైన్‌మన్ తలుపు తట్టాడు. "జనరేటర్ మీదేనా బాబూ? ఎలా కలిపారు?" తమ్ముడు గర్వంగా చూపించాడు. రెండు కొసలా పిన్నులున్న వైరు, ఒకటి జనరేటర్‌కు, ఒకటి గోడ ప్లగ్గుకు. మెయిన్ స్విచ్ ఆపే పెడుతున్నామన్నాడు.

"ఒక్కరోజు మర్చిపోతే? మీ 230 వోల్టులు వెనక్కి వెళ్లి ట్రాన్స్‌ఫార్మర్‌లో 11 వేలవుతాయి. అవతల స్తంభం మీద నేనుంటాను." గొంతు పెంచలేదు. మళ్లీ అన్నాడు: "కలిపితే చేంజోవర్ స్విచ్‌తో కలపండి. లేదంటే ఫ్రిజ్ వైరు నేరుగా జనరేటర్‌లోనే గుచ్చండి." తమ్ముడు ఆ వైరు అతని ముందే కత్తిరించాడు. బేగం చాయ్ ఇచ్చింది.

గోష్త్ సగం పంచేశాం, సగం ఉప్పు రాసి ఎండబెట్టాం.

ఇప్పుడు మాకు సొంత జనరేటర్ ఉంది, పెరటి చివర రేకుల కింద. పెట్రోలు పొయ్యాలంటే ముందు ఆపి, చల్లారనిస్తాం. కరెంటు పోయిన ప్రతి రాత్రీ అమ్మీ పడుకోబోతూ అడుగుతుంది, "బాహర్‌ఈచ్ హై నా బేటా?"